మొదటిసారి అమెరికాలో దిగే విద్యార్థికి: ఇమిగ్రేషన్ కౌంటర్ దాటే దాకా

వీసా ముద్రతో పాస్‌పోర్టు తిరిగి చేతికి వచ్చిన రోజున మన ఓరుగల్లు ఇళ్లలో భద్రకాళి గుడికి పోయి కొబ్బరికాయ కొట్టి, చుట్టాలందరికీ ఫోన్లు చేసి, ఇక పని అయిపోయినట్టే అనుకుంటారు. నిజానికి అయింది సగమే. ఆ వీసా అమెరికా విమానాశ్రయం దాకా ప్రయాణించి, లోపలికి రానివ్వమని అడగడానికి మాత్రమే పనికివస్తుంది. రానివ్వాలా వద్దా అని తేల్చేది అక్కడి కస్టమ్స్ అండ్ బార్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ అధికారి. చాలామందికి ఆ అధికారి ముందు గడిచేది రెండు మూడు నిమిషాలే. ఆ కాస్త సేపట్లో మీ ఇంగ్లిష్ ఎంత బాగుందో, బీటెక్‌లో ఎన్ని మార్కులు వచ్చాయో చూడరు. కంప్యూటర్ తెర మీద కనిపిస్తున్న వివరాలు, మీ చేతిలోని కాగితాలు, మీరు చెప్పే మాట, ఈ మూడూ ఒక్కటిగా ఉన్నాయా లేదా అన్నదే చూస్తారు. అందువల్ల ఈ తనిఖీకి అసలు సన్నాహం హన్మకొండలోని మీ ఇంట్లోనే, ప్రయాణానికి రెండు వారాల ముందే మొదలు కావాలి.

చేతి సంచిలో ఏముండాలి

కాగితాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ఆ ఫోల్డర్‌ను విమానంలో మీ వెంట ఉండే సంచిలోనే పెట్టుకోవాలి. పెద్ద సూట్‌కేసు ఇమిగ్రేషన్ దాటిన తర్వాతగానీ చేతికి రాదు కాబట్టి, అందులో భద్రంగా దాచిన ఐ-20 (మీకు సీటు ఇచ్చినట్టు కాలేజీ పంపే పత్రం) కౌంటర్ దగ్గర ఎందుకూ కొరగాదు. పాస్‌పోర్టు, ఐ-20, సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు ఉండే అమెరికా ప్రభుత్వ కంప్యూటర్ నమోదు) ఫీజు 350 డాలర్లు కట్టిన రసీదు, అడ్మిషన్ లెటర్, బ్యాంకు లోను మంజూరు పత్రం లేదా చదువుకు డబ్బు పెడుతున్నవారి బ్యాంకు స్టేట్‌మెంట్, కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసు ఫోన్ నంబరు, మొదట దిగబోయే ఇంటి పూర్తి చిరునామా, వీటిని కాగితం మీదనే ఉంచుకోండి. ఇరవై గంటలకు పైబడిన ప్రయాణం తర్వాత ఫోన్‌లో చార్జింగ్ ఉంటుందన్న నమ్మకం లేదు, పైగా తనిఖీ జరిగే చోట ఫోన్ బయటకు తీయనివ్వరు. చిరునామా విషయంలో మనవాళ్లు తరచుగా తప్పు చేస్తుంటారు. ‘డాలస్‌లో మా అన్న ఫ్రెండు రూం’ అన్నది చిరునామా కాదు. ఇంటి నంబరు, వీధి, ఊరు, రాష్ట్రం, జిప్ కోడ్ వరకు రాసి ఉండాలి.

ఐ-20 మీద మీరు సంతకం చేశారో లేదో ఇప్పుడే చూసుకోండి. కాలేజీ ఈమెయిల్‌లో పంపిన ఐ-20ని ప్రింటు తీసుకుని, సంతకం చేయడం మరచిపోయి శంషాబాద్ దాకా వెళ్లినవాళ్లు మా వాడకట్టులోనే ఉన్నారు. వీసా మీద ఏ కాలేజీ పేరు అచ్చయిందో, మొదటిసారి వెళ్లేటప్పుడు చేతిలోని ఐ-20 కూడా ఆ కాలేజీదే కావడం క్షేమం. వీసా వచ్చాక మనసు మార్చుకుని వేరే కాలేజీ ఐ-20తో బయలుదేరితే, ఆ మార్పు ఎందుకు జరిగిందో కౌంటర్‌లో వివరించుకోవలసి వస్తుంది.

తేదీ మరొకటి. ఐ-20లో రాసిన ప్రోగ్రాం ప్రారంభ తేదీకి 30 రోజులకు మించి ముందుగా ఎఫ్-1 (చదువు వీసా) విద్యార్థిని లోపలికి అనుమతించరు. ఎప్పటి నుంచి రావచ్చో ఆ తేదీ ఐ-20 మీదనే అచ్చు వేసి ఉంటుంది. టికెట్ చవకగా దొరికిందని అంతకంటే ముందు రోజుకు కొనకూడదు. ఏ కారణం చేతనైనా తరగతులు మొదలైన తర్వాత చేరుకునేటట్టయితే, ఆలస్యంగా రావచ్చని కాలేజీ నుంచి లేఖగానీ సవరించిన ఐ-20గానీ తెప్పించుకున్న తర్వాతే విమానం ఎక్కాలి.

ఇక పేరు. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, అసలు పేరు తర్వాత ఉంటుంది. పాస్‌పోర్టు చేయించేటప్పుడు కొందరు ఇంటిపేరు గడిని ఖాళీగా వదిలి మొత్తం పేరును ఒకే గడిలో రాయిస్తారు. అలాంటివారికి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి చేరి, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యు’ అనే మూడక్షరాలు వస్తాయి. అది అచ్చుతప్పు కాదు, మొదటి పేరు తెలియదు అని చెప్పడానికి వాళ్లు పెట్టే గుర్తు. ఆ మూడక్షరాలను చూసి కంగారు పడనక్కరలేదుగానీ, మీ పేరు వీసాలో ఎలా ఉందో గుర్తుంచుకోవాలి. అక్కడికి చేరిన తర్వాత ఐ-94 (మీ రాకను చూపే ఆన్‌లైన్ నమోదు) వెతికేటప్పుడు ‘ఎఫ్ఎన్‌యు’నే మొదటి పేరుగా ఇవ్వవలసి వస్తుంది.

సూట్‌కేసు సర్దేటప్పుడు

ఈ భాగం తల్లులు కూడా చదవాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు బట్టల మడతల మధ్య, నాకు తెలియకుండా, మా అమ్మ గుప్పెడు కల్యమాకును, అంటే కరివేపాకును, పాత కాగితంలో చుట్టి పెట్టింది. సామాను తీసుకునే బెల్టు దగ్గర బీగిల్ జాతి కుక్క ఒకటి వరుసగా సంచులను వాసన చూసుకుంటూ వచ్చి, నా సూట్‌కేసు పక్కన ఏమీ ఎరగనట్టు చతికిలబడి కూర్చుంది. అలా కూర్చోవడమే దాని భాష. దాన్ని పట్టుకుని ఉన్న అధికారి ‘తినే పదార్థాలు ఏమైనా ఉన్నాయా’ అని అడిగితే, నేను ‘లేవు’ అన్నాను. ఆ ఒక్క మాట వల్ల గంటన్నర ఆలస్యమైంది, డాలస్ వెళ్లే నా విమానం వెళ్లిపోయింది. ‘ఆకే గద బిడ్డా, ఏమైతది’ అని అమ్మ తర్వాత ఫోన్‌లో అన్నది. ఏమవుతుందంటే, కరివేపాకు చెట్టు నిమ్మ, బత్తాయి కుటుంబానికి చెందినది. దాని ఆకుల మీద బతికే ఒక చిన్న పురుగు నిమ్మజాతి తోటలను ఎండబెట్టే గ్రీనింగ్ తెగులును మోసుకెళ్తుంది. 2005లో ఫ్లోరిడాలో బయటపడిన ఆ తెగులు అక్కడి నారింజ తోటలను కోలుకోలేనంతగా దెబ్బతీసింది. నల్లగొండ బత్తాయి రైతును అడిగితే ఈ భయం ఎంత న్యాయమైనదో చెబుతాడు. కాబట్టి పచ్చిదైనా, ఎండబెట్టినదైనా, ఇంటి కరివేపాకు వద్దు.

బియ్యం కూడా వద్దు. మన ధాన్యం గింజల్లో ఉండే ఖాప్రా అనే పురుగు భయంతో, అది ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తీసుకురావడాన్ని అమెరికా 2011లో నిషేధించింది. అక్కడి ఇండియన్ స్టోర్లలో సోనామసూరి బస్తాలు పేర్చి ఉంటాయి. మాంసంతో చేసినది ఏదీ వద్దు, అంటే కోడి తొక్కు, మటన్ తొక్కు, రొయ్యల పచ్చడి డబ్బా పక్కన అమాయకంగా పెట్టిన చికెన్ పచ్చడి డబ్బా, ఇవన్నీ ఇంట్లోనే తిని వెళ్లండి. పచ్చి కాయగూరలు, పండ్లు, విత్తనాలు, దేవుడి దగ్గరి పచ్చి తమలపాకులు కూడా ఇదే లెక్క.

అయితే ఏం పట్టుకుపోవాలి? సకినాలు, అప్పాలు, మురుకులు, మామిడి తొక్కు, అల్లం తొక్కు, కారం, పసుపు వంటివి మామూలుగా ఇబ్బంది పెట్టవు. వీటిని ఊళ్లోని పచ్చళ్ల దుకాణంలో గాలి తీసి సీలు వేయించి, ప్రతి ప్యాకెట్ మీద లోపల ఏముందో ఇంగ్లిష్‌లో రాయించండి. పేరు లేని పొడి సంచిని చూసిన ఏ అధికారికైనా అనుమానం రావడం సహజమే. కారం, పసుపు పెద్ద సూట్‌కేసులోనే పెట్టండి. అమెరికా వెళ్లే విమానాల్లో చేతి సంచిలోని పొడులు 350 మిల్లీలీటర్ల పరిమాణం దాటితే భద్రతా సిబ్బంది విడిగా తనిఖీ చేస్తారు, ఒక్కోసారి అక్కడే తీసేస్తారు. మందులు దుకాణంలో కొన్న అట్టపెట్టెల్లోనే, డాక్టర్ చీటీతో సహా ఉండాలి.

అన్నింటికంటే ముఖ్యమైన నియమం ఒకటే. ‘ఆహార పదార్థాలు ఉన్నాయా’ అంటే ‘ఉన్నాయి’ అని చెప్పి, ఏమున్నాయో చెప్పాలి. చెప్పిన వస్తువు నిషిద్ధమైనదైతే దాన్ని తీసి పారేస్తారు, అంతటితో పోతుంది. దాచి దొరికితే జరిమానా పడుతుంది, దాని నమోదు తర్వాతి ప్రయాణాల్లోనూ వెంటాడుతుంది.

నగదు సంగతి కూడా ఇలాంటిదే. పది వేల డాలర్లకు మించి తీసుకెళ్లడం అక్కడ నేరం కాదు, చెప్పకపోవడమే నేరం. ఒకే కుటుంబంగా వెళ్తే అందరి దగ్గరున్న సొమ్మునూ కలిపి లెక్కిస్తారు. అయితే మన దేశం నుంచి బయలుదేరేటప్పుడు విదేశీ నోట్ల రూపంలో మూడు వేల డాలర్లకు మించి తీసుకోకూడదన్న రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది కాబట్టి, మిగిలినది ఫోరెక్స్ కార్డులో వేయించుకోవడం మేలు. చిట్టీ ఎత్తిన డబ్బు మొత్తాన్ని డాలర్లుగా మార్చి నడుముకు కట్టుకుని వెళ్లే రోజులు పోయాయి.

ఏ దారిన వెళ్తున్నారు

హన్మకొండ నుంచి ఘట్‌కేసర్ దాకా వచ్చి ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా శంషాబాద్ చేరడానికి మూడు గంటలకు తక్కువ వేసుకోవద్దు. అక్కడి నుంచి ఏ నగరం మీదుగా వెళ్తున్నారన్నదాన్ని బట్టి అమెరికా తనిఖీ ఎక్కడ జరుగుతుందో మారుతుంది. అబుదాబి మీదుగా వెళ్తే, అక్కడి విమానాశ్రయంలో 2014 నుంచి అమెరికా వాళ్ల ముందస్తు తనిఖీ కేంద్రం ఉంది కాబట్టి, మీ ఇమిగ్రేషన్ ప్రశ్నలన్నీ అబుదాబిలోనే అడుగుతారు. అమెరికాలో దిగాక దేశంలోపలి ప్రయాణికుడిలాగే బయటకు నడిచి వెళ్తారు. ఈ సంగతి తెలియక కాగితాలు చేతికి అందేలా పెట్టుకోక, అబుదాబిలో అడిగేసరికి తడబడేవాళ్లను చూశాను. దుబాయ్, దోహా మీదుగా వెళ్తే ఈ ఏర్పాటు లేదు, తనిఖీ అమెరికాలో మొదట దిగిన చోట జరుగుతుంది. అక్కడి నుంచి మరో నగరానికి విమానం మారాలంటే, ముందు ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని, కస్టమ్స్ దాటి, సామానును మళ్లీ అప్పగించాలి. ఆగస్టు రద్దీలో ఈ పనులకు కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా, అన్ని విమానాలూ ఒకే టికెట్ మీద ఉండేలా కొనుక్కోండి.

కౌంటర్ ముందు

వరుసలో ఉన్నప్పుడే ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి, పాస్‌పోర్టు, ఐ-20 చేతిలో పట్టుకోండి. మీ వంతు రాగానే ‘హలో, ఆఫీసర్’ అని రెండూ ఇవ్వండి. పాస్‌పోర్టును యంత్రం మీద పెట్టగానే మీ ఫొటో, వీసా వివరాలు, సెవిస్ నమోదు తెర మీదకు వస్తాయి. వేళ్లను గాజు పలక మీద పెట్టమంటారు, కెమెరా వైపు చూడమంటారు. అద్దాలు, టోపీ తీసేయండి. ఈ పనులు జరుగుతుండగానే ప్రశ్నలు వస్తాయి. ఏ కాలేజీ, ఏ కోర్సు, ఎన్నేళ్లు, ఎక్కడ ఉంటారు, ఫీజు ఎవరు కడుతున్నారు, ఇంతకు ముందు వచ్చారా అన్నవి మామూలు ప్రశ్నలు.

ఒక ఉదాహరణ చూడండి. పరకాల దగ్గర పత్తి సాగు చేసే రైతు కొడుకు అనుకుందాం. ‘హూ ఈజ్ పేయింగ్ ఫర్ యువర్ ఎడ్యుకేషన్?’ అని అడిగితే, ‘మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. ఐ హావ్ ఎ బ్యాంక్ లోన్ ఫర్ ది ఫస్ట్ ఇయర్’ అని చెప్పి, లోను ఎంత వచ్చిందో ఒక అంకె చెబితే చాలు. నాన్న రైతు అని చెప్పడానికి నామోషీ పడి ‘బిజినెస్’ అన్నాడనుకోండి, వీసా దరఖాస్తులో వ్యవసాయం అని రాసి ఉంటే అదే చిక్కు. ప్రశ్న అర్థం కాకపోతే ‘సారీ, కుడ్ యూ రిపీట్?’ అని అడగడంలో తప్పు లేదు. ఊహించుకుని వేరే ప్రశ్నకు జవాబు చెప్పడమే ప్రమాదం. అడిగినదానికి అడిగినంతే చెప్పండి. మౌనంగా ఉండలేక అడగని సంగతులు చెప్పుకుపోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. తెర చూస్తూ అధికారి టైపు చేసుకుంటున్నప్పుడు మీరు ఊరకే నిలబడవచ్చు.

పార్ట్‌టైమ్ ఉద్యోగం గురించి అడిగే ప్రశ్న మీద ప్రత్యేకంగా ఆలోచించుకోండి. ఎఫ్-1 విద్యార్థి తరగతులు నడిచే రోజుల్లో కాలేజీ ప్రాంగణంలో మాత్రమే, వారానికి 20 గంటల వరకు పనిచేయవచ్చు. గ్యాస్ స్టేషన్‌లో, హోటల్‌లో పనిచేయడానికి అనుమతి లేదు. అధికారులకు మీ ఫోన్, ల్యాప్‌టాప్ తనిఖీ చేసే అధికారం ఉంది. తెరవను అంటే, పౌరులు కానివారికి ప్రవేశం నిరాకరించవచ్చు. ‘రాగానే షాపులో పని ఇప్పిస్తా’ అన్న వాట్సాప్ సందేశం దొరికితే, చదువుకే వచ్చానన్న మీ మాట నిలబడదు. సందేశాలు చెరిపేయడం కాదు, ఆ ఆలోచనతో బయలుదేరకపోవడమే దీనికి జవాబు. 2015 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నుంచి, 2023 ఆగస్టులో కొన్ని విమానాశ్రయాల నుంచి మన తెలుగు విద్యార్థులను తిప్పి పంపిన వార్తలు పత్రికల్లో చదివే ఉంటారు. మిషిగాన్‌లో అమెరికా ప్రభుత్వమే నడిపించిన ఫార్మింగ్టన్ అనే ఉత్తుత్తి విశ్వవిద్యాలయం సంగతి 2019 జనవరిలో బయటపడ్డప్పుడు చిక్కుకున్నవారిలోనూ మనవాళ్లే ఎక్కువ. ఈ చరిత్ర తెలిసిన అధికారి ‘ఏ సబ్జెక్టులు చదవబోతున్నారు’ అని అడిగితే అది మీ మీద కోపంతో కాదు. మొదటి సెమిస్టర్‌లో తీసుకోబోయే రెండు మూడు సబ్జెక్టుల పేర్లు మీకు నోటికి రావాలి.

హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల కన్సల్టెన్సీలకు కొదవ లేదు. మంచివాళ్లూ ఉన్నారు. అయితే అందరికీ ఒకే జవాబుల కాగితం ఇచ్చి బట్టీ పట్టించేవాళ్లతోనూ, కమీషన్ తీసుకుని బ్యాంకు ఖాతాలో నెల రోజులు డబ్బు ‘చూపించి’ వెనక్కి తీసుకునేవాళ్లతోనూ జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం. ఆ డబ్బు ఎవరిదో మీకే తెలియనప్పుడు, ‘ఇది ఎవరి ఖాతా’ అన్న చిన్న ప్రశ్నకు మీరు గుటకలు మింగుతారు. అధికారికి అబద్ధం చెప్పి దొరికితే, ఆ మోసం కింద అమెరికా ప్రవేశం జీవితాంతం మూసుకుపోయే అవకాశం ఉంది. తెలియనిది తెలియదు అని చెప్పినందుకు మాత్రం ఎవరినీ అలా శిక్షించరు.

పక్క గదికి పంపితే

కొందరి పాస్‌పోర్టును ఎర్ర ఫోల్డర్‌లోనో మరెందులోనో పెట్టి మరో గదికి పంపుతారు. దాన్ని సెకండరీ అంటారు. ఇది అరెస్టు కాదు. పేరు మరొకరితో కలవడం, సెవిస్‌లో ఏదో నమోదు కాకపోవడం, ఒక కాగితం లేకపోవడం వంటి చిన్న కారణాలకు కూడా పంపుతారు. అక్కడ గంట కూర్చోవలసి రావచ్చు, నాలుగు గంటలూ పట్టవచ్చు. ఫోన్ వాడొద్దంటారు, కాబట్టి ఇంట్లోవాళ్లకు ‘దిగాక నాలుగైదు గంటల దాకా ఫోన్ రాకపోతే కంగారు పడొద్దు’ అని శంషాబాద్‌లోనే చెప్పి వెళ్లండి. తర్వాతి విమానం ఎన్ని గంటలకో అధికారికి ఒకసారి చెప్పి ఊరుకోండి. కాగితం ఏదైనా తక్కువైతే ఐ-515ఏ అనే పత్రం ఇచ్చి, అందులో చెప్పిన గడువులోగా లోటు పూరించమని లోపలికి పంపే పద్ధతి కూడా ఉంది. ఆ పత్రం ఇస్తే పారేసుకోకుండా మరునాడే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో చూపించాలి.

మాటలు గట్టిగా మారి, మీరు చెప్పినదాన్ని వాంగ్మూలంగా రాసుకోవడం మొదలైతే నెమ్మదించండి. ఇంగ్లిష్‌లో ఇబ్బందిగా ఉంటే తెలుగు దుబాసీ కావాలని అడగండి. రాసినదాన్ని పూర్తిగా చదవకుండా, తప్పులు సరిచేయించకుండా సంతకం పెట్టకండి. ప్రవేశం ఇవ్వకూడదని వాళ్లు నిర్ణయిస్తే రెండు దారులు ఉంటాయి. ఒకటి, మీ అంతట మీరే ప్రవేశ అభ్యర్థనను ఉపసంహరించుకుని తిరిగి రావడం, దానికి వాళ్లు ఒప్పుకోవాలి. రెండోది, బహిష్కరణ ఉత్తర్వు, అది పడితే ఐదేళ్ల నిషేధం వస్తుంది. ఉపసంహరణకు అవకాశం ఇస్తారా అని మర్యాదగా అడగడం, భారత రాయబార కార్యాలయానికి కబురు పంపాలని కోరడం మీరు చేయదగిన పనులు. ఇదంతా చదివి భయపడవలసిన పని లేదు. సరైన కాగితాలతో నిజంగా చదువుకోవడానికే వెళ్లేవారిలో చాలామంది ఈ గది ముఖం కూడా చూడరు.

దాటిన తర్వాత

పాస్‌పోర్టు మీద ముద్ర వేస్తే, అందులో ‘ఎఫ్-1’ అని, ‘డి/ఎస్’ అని రాశారో లేదో కౌంటర్ వదలకముందే చూసుకోండి. ‘డి/ఎస్’ అంటే చదువు హోదా సక్రమంగా ఉన్నంత కాలం ఉండవచ్చని అర్థం. కొన్నిచోట్ల ముద్ర వేయడం మానేశారు, కాబట్టి అసలు ఆధారం ఐ-94 అనే ఆన్‌లైన్ నమోదు. రూముకు చేరి, అన్నం తిని, నిద్ర లేచిన తర్వాత సీబీపీ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్టు నంబరు ఇచ్చి దాన్ని తెరవండి. దానికి డబ్బు అక్కరలేదు, డబ్బు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు. పేరు, పుట్టిన తేదీ, వచ్చిన తేదీ, హోదా సరిగా ఉన్నాయో ఒక్కొక్క అక్షరం చూడండి. ఎఫ్-1 ఉండవలసిన చోట పర్యాటకుల హోదా బి-2 అని పడితే, డ్రైవింగ్ లైసెన్సు దగ్గర నుంచి సోషల్ సెక్యూరిటీ నంబరు దాకా అన్నీ ఆగిపోతాయి. ఇలాంటి తప్పును డిఫర్డ్ ఇన్‌స్పెక్షన్ అనే సీబీపీ కార్యాలయంలో సరిచేస్తారు, ఎక్కడికి వెళ్లాలో ఇంటర్నేషనల్ ఆఫీసువారు చెబుతారు. ఐ-94 సరిగా ఉంటే పీడీఎఫ్‌గా దాచుకుని, పాస్‌పోర్టు, వీసా కాపీలతో పాటు మీ నాన్నకు కూడా ఒకటి పంపండి. ప్రోగ్రాం ప్రారంభ తేదీ నుంచి 30 రోజులలోగా కాలేజీవారు మీ రాకను సెవిస్‌లో నమోదు చేయాలి. వాళ్లు పిలిచేదాకా ఆగకుండా, దిగిన వారంలోనే పాస్‌పోర్టు, ఐ-20, ఐ-94 పట్టుకుని ఆ ఆఫీసుకు వెళ్లి రండి.